ఊపిరి ఉండగానే చెప్పవలసిన మాట

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వ ఛాతీ వ్యాధుల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, 33 సంవత్సరాలు సర్వీసు చేసి, నర్సింగ్ సూపరింటెండెంటుగా 2012లో పదవీ విరమణ చేశాను. ఉపన్యాసాలు నాకు అలవాటు లేదు. వార్డులో చెప్పినట్లే చెబుతాను.

కార్యదర్శిగారు నన్ను చలికాలంలో ఆయాసం రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు. అవి రెండు ముక్కల్లో చెబుతాను. చుట్ట, బీడీ, సిగరెట్టు మానండి. డాక్టరు రాసిన ఇన్‌హేలరు మాత్రం మానకండి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి మీ డాక్టరును అడగండి. మిగిలిన సమయాన్ని ఎవరూ అడగని ఒక విషయానికి వాడుకుంటానని అధ్యక్షులవారి అనుమతి ముందే తీసుకున్నాను.

ఆ విషయం ఇది. ఊపిరితిత్తుల జబ్బు బాగా ముదిరిన మనిషి ఆసుపత్రిలో ఉండగా గుండె ఆగితే, ఛాతీ నొక్కి, గొంతులో గొట్టం వేసి, గుండెను తిరిగి ఆడించే ప్రయత్నం చేయాలా, వద్దా? ఆ నిర్ణయం ఎవరిది? ఎప్పుడు చేయాలి?

మనం పెన్షనర్లం. కాగితాల విలువ మనకు తెలిసినట్లు ఇంకెవరికీ తెలియదు. బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. సర్వీసులో ఉండగా జి.పి.ఎఫ్.కు నామినీని రాశాం, గ్రాట్యుటీకి రాశాం, ఎల్.ఐ.సి. పాలసీకి రాశాం. ఫ్యామిలీ పెన్షన్ కోసం జాయింట్ ఫోటో అంటించి సంతకాలు పెట్టాం. మనం పోయిన తరువాత రూపాయి ఎవరికి చేరాలో ఇన్ని చోట్ల రాసిన మనం, పోయే ముందు ఆ నాలుగు రోజులు మన ఒంటికి ఏం జరగాలో, మన తరఫున ఎవరు మాట్లాడాలో ఎక్కడా రాయలేదు. డబ్బుకు నామినీ ఉన్నాడు, ఊపిరికి లేడు.

ఈ మాట ఎత్తగానే ఇంట్లోవాళ్ళు "అశుభం పలకకండి, పైన తథాస్తు దేవతలుంటారు" అంటారు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. కానీ ఫ్యామిలీ పెన్షన్ ఫారం మీద సంతకం పెట్టిన రోజున ఆ దేవతలు ఊరుకున్నారు గదా! ఇదీ అలాంటి కాగితమే.

ముందుగా సి.పి.ఆర్. అంటే ఏమిటో చూద్దాం. గుండె ఆగిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక మీద రెండు చేతులు ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్లు లోపలికి దిగేటట్లు నొక్కాలి. సుతారంగా చేస్తే పని జరగదు. పెద్ద వయసువారి ఎముకలు పెళుసుగా ఉంటాయి కనుక పక్కటెముకలు విరగడం తరచుగా జరుగుతుంది. చేతి కింద ఎముక విరిగిన చప్పుడు నేను చాలాసార్లు విన్నాను. దానితోపాటు సూది మందులు, అవసరమైతే కరెంటు షాకు, గొంతులో గొట్టం, గుండె తిరిగి ఆడితే వెంటిలేటరు. ఇదంతా కలిపి ఒక ప్రయత్నం.

ఈ పద్ధతి 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ సంస్థలో పనిచేసిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు రాసిన వ్యాసంతో ప్రపంచానికి తెలిసింది. వారు చెప్పిన 20 మందిలో 14 మంది బతికి బట్టకట్టారు. వారిలో చాలామందికి ఆపరేషను సందర్భంలోనో, మత్తుమందు ఇచ్చినప్పుడో హఠాత్తుగా గుండె ఆగింది. గుండె ఆగిన క్షణం వరకు మిగతా శరీరం ఓ మాదిరిగా బాగానే ఉన్నవారు. అలాంటివారికి ఇది నిజంగా సంజీవని. రోడ్డు మీద, ఇంట్లో, బస్సులో ఎవరైనా హఠాత్తుగా కుప్పకూలితే వెంటనే చేయండి, ఆలోచించవద్దు. నేను ఇవాళ చెప్పేది దానికి వ్యతిరేకం కాదు.

అయితే 1974లో అమెరికా వైద్యులు దీని ప్రమాణాలు రాసినప్పుడే ఒక మాట స్పష్టంగా రాశారు. నయం కాని జబ్బు చివరి దశలో, ముందే ఊహించిన మరణం వచ్చినప్పుడు వాడడానికి ఇది ఉద్దేశించింది కాదని. ఆ రెండవ వాక్యం జనంలోకి రాలేదు. మొదటిది మాత్రం టీవీలోనూ, సినిమాలోనూ వచ్చింది. 1996లో అమెరికాలో కొందరు డాక్టర్లు టీవీ సీరియళ్ళలో చూపించిన సి.పి.ఆర్. సంఘటనలను లెక్కపెట్టారు. తెర మీద నూటికి 75 మంది అప్పటికప్పుడు లేచి కూర్చున్నారట! నిజమైన ఆసుపత్రులలో, అన్ని వసతులూ ఉన్న అమెరికాలో సైతం, ఆసుపత్రి లోపల గుండె ఆగినవారిలో తిరిగి ఇంటికి వెళ్ళేవారు సుమారు ఐదుగురిలో ఒకరు. ముదిరిన దీర్ఘవ్యాధులు ఉన్నవారిలో అది ఇంకా తక్కువ.

ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడు సాధారణంగా మొదట ఓడిపోయేది గుండె కాదు. ఊపిరితిత్తులు ప్రాణవాయువును అందించలేక, బొగ్గుపులుసు వాయువును బయటికి పంపలేక చతికిలబడతాయి. గుండె వాటిని మోసి మోసి చివరకు ఆగుతుంది. మావారు విద్యుత్ శాఖలో పనిచేశారు. ఆయన దీనికి ఒక పోలిక చెప్పేవారు. "ఫ్యూజు పోతే ఫ్యూజు వేస్తే దీపం వెలుగుతుంది. ఇంటి వైరింగంతా కాలిపోయాక ఫ్యూజు మార్చి ఏం లాభం?" అని. గుండెను మళ్ళీ ఆడించినా, అది ఆగడానికి కారణమైన ఊపిరితిత్తులు అలాగే ఉంటాయి. అప్పుడు మనిషి వెంటిలేటరు మీదికి చేరతాడు, దాని నుంచి బయటికి రావడం కష్టమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆయాసం ఉన్న ప్రతివారికీ ఇది వర్తిస్తుందని అనుకోవద్దు. సి.ఓ.పి.డి. ఉన్నవారు, అంటే పొగ వల్ల గాలి గొట్టాలు పాడైనవారు, జబ్బు హఠాత్తుగా ఎక్కువై వెంటిలేటరు మీదికి వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. ఊపిరితిత్తి మీద గాలిబుడగ పగిలి ఛాతీలో గాలి చేరితే, చిన్న గొట్టం వేసి తీసేస్తే మనిషి లేచి కూర్చుంటాడు. వెంటిలేటరంటే చావు అని ఊళ్ళో అనే మాట తప్పు. తిరిగి సరిచేయగలిగిన కారణం ఉంటే పోరాడవలసిందే. అందుకే ఇది మనిషిని బట్టి, జబ్బును బట్టి, దశను బట్టి డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

మరి ఊపిరితిత్తుల రోగులకే దీన్ని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నాను? రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఈ జబ్బు దారి తిన్నగా ఉండదు. పడతారు, లేస్తారు. మళ్ళీ పడతారు, కొంచెం తక్కువగా లేస్తారు. నాలుగుసార్లు లేచిన మనిషి ఐదోసారి కూడా లేస్తాడని ఇంట్లోవాళ్ళు అనుకోవడం సహజం. ఏది చివరిసారో చెప్పడం డాక్టరుకు కూడా కష్టమే. అందువల్ల "ఇంకా సమయం రాలేదు" అనుకుంటూనే సమయం దాటిపోతుంది.

రెండవది, ఈ జబ్బు ముందు మాటను తీసుకుపోతుంది. ఒక వాక్యం పూర్తిచేయడానికి మూడుసార్లు ఊపిరి తీసుకోవలసి వస్తుంది. తరువాత ముక్కూ నోరూ మూసి బైపాప్ మాస్కు కడతారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ మగత కమ్ముతుంది. ఎవరి అభిప్రాయం అన్నింటికంటే ముఖ్యమో ఆ మనిషే ఏమీ చెప్పలేడు. అప్పుడు రాత్రి రెండు గంటలకు ఐ.సి.యు. తలుపు ముందు కొడుకును పిలిచి, "అన్నీ చేయమంటారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఏ కొడుకైనా ఏం చెబుతాడు? "చేయండి" అనే అంటాడు. "వద్దు" అంటే తండ్రిని తానే చంపుకున్నట్లు ఆ తరువాత నిద్ర పట్టదు.

మా వార్డుకు ఒక రిటైర్డు మాస్టారు వచ్చేవారు. ఆయనకు ఏడాదిలో అది నాలుగో అడ్మిషను. కొడుకు ఇక్కడ, కూతురు అమెరికాలో. "నాన్నగారికి ఇవన్నీ ఇష్టం ఉండదు" అని కొడుకు అన్నాడు. "డబ్బు నేను పంపుతాను, ఏదీ ఆపవద్దు" అని కూతురు ఫోనులో ఏడ్చింది. ఇద్దరూ తండ్రి మీద ప్రేమతోనే మాట్లాడారు. మాస్టారి గుండె రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ తిరిగి ఆడించాము. 19 రోజులు వెంటిలేటరు మీద ఉన్నారు, ఒక్క మాట లేదు. ఆ తరువాత రెండేళ్ళకు ఆ కొడుకు ఎవరినో చూడడానికి వార్డుకు వచ్చి, "మా చెల్లెలు నాతో ఇప్పటికీ మాట్లాడదు సిస్టర్" అన్నాడు. పాపం, జీవితమంతా పిల్లల చేత ప్రశ్నలకు జవాబులు రాయించిన మనిషి. ఈ ఒక్క ప్రశ్నకు ఆయన జవాబు ఏమిటో ఆయన పిల్లలిద్దరికీ తెలియదు.

ఇంకొక అమ్మ సంగతి చెబుతాను. నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదిన మనిషి. చుట్ట, బీడీ ముట్టి ఎరగదు. ఆ పొగకే ఊపిరితిత్తులు పోయాయి. కొంచెం తేరుకున్న రోజున మా డాక్టరుగారు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, గొట్టం సంగతీ, ఛాతీ నొక్కే సంగతీ ఆమె భాషలో చెప్పారు. ఆమె విని, "ఊదుగొట్టం చాల్లేదా బాబూ, మళ్ళీ ఇంకో గొట్టమా?" అంది. కూతురిని పిలిచి, "మూతికి కట్టే మాస్కు కట్టనీ, సూదులు వెయ్యనీ. గొంతులో గొట్టం వద్దు, రొమ్ము మీద గుద్దవద్దు" అని నలుగురి ముందు చెప్పింది. అప్పటికి సుప్రీంకోర్టు తీర్పులు రాలేదు. అయినా డాక్టరుగారు ఆమె మాటలను ఆమె మాటల్లోనే కేసు షీటులో రాసి, కూతురి చేత సంతకం పెట్టించారు.

తరువాత ఏమైంది? వద్దందని మేము ఆమెను మూలకు నెట్టలేదు. బైపాప్ పెట్టాము, యాంటీబయాటిక్ ఇచ్చాము, వీపు తట్టి కఫం తీయించాము, రాత్రంతా పక్కన ఉన్నాము. నాలుగో రోజుకు లేచి కూర్చుని గంజి అడిగింది. ఇంటికి వెళ్ళి ఎనిమిది నెలలు బతికింది. మనవరాలి ఓణీల వేడుక చూసింది. మళ్ళీ వానాకాలంలో వచ్చినప్పుడు ఏ మందుకూ లొంగలేదు. తెల్లవారుజామున కూతురి చేతిలో చెయ్యి ఉండగా పోయింది.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, సి.పి.ఆర్. వద్దు అంటే వైద్యం వద్దు అని కాదు. దీనిని డాక్టర్లు డి.ఎన్.ఏ.ఆర్. అంటారు. గుండె ఆగితే తిరిగి ఆడించే ప్రయత్నం చేయవద్దన్న ఉత్తర్వు. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ఉత్తర్వు సి.పి.ఆర్.కు మాత్రమే వర్తిస్తుంది. మిగతా మందులు, ఆక్సిజను, సేవ యథాతథంగా సాగాలి. ఎంతవరకు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అన్నది మెట్లు మెట్లుగా నిర్ణయించుకోవచ్చు. ఆక్సిజను వరకు, బైపాప్ వరకు, లేదా "కొన్ని రోజులు వెంటిలేటరు పెట్టి చూడండి, గుణం లేకపోతే సాగదీయకండి" అని కూడా చెప్పవచ్చు.

ఇక ఇంటి సంగతి. మావారికి 2021లో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, ఫైబ్రోసిస్ అని తేలింది. మాట్లాడదామంటే ఏడాదిన్నర తప్పించుకున్నారు. "నువ్వు నర్సువు, నీకన్నీ తెలుసు, నువ్వే చూసుకో" అనేవారు. "జబ్బు సంగతి నర్సుగా తెలుసు. మీ మనసు సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది" అన్నాను. చివరకు ఒకనాటి సాయంత్రం ఆక్సిజన్ మిషను పక్కన కూర్చుని ఆయనే మొదలుపెట్టారు. బాగయ్యే నెమ్ము అని డాక్టరు అంటే మూడు రోజులు వెంటిలేటరు పెట్టి చూడాలన్నారు. ఊపిరితిత్తులే పూర్తిగా గట్టిపడ్డాయంటే గొట్టం వద్దు, ఛాతీ నొక్కవద్దు అన్నారు. ఆయాసం తెలియకుండా ఏదైనా మందు ఇవ్వాలన్నారు. "అబ్బాయి వచ్చేదాకా ఆపండి అని మాత్రం ఎవరూ అనకూడదు. వాడు రాలేకపోతే వాడి తప్పు కాదని వాడికి నా మాటగా చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్ళు రోగుల మధ్య తిరిగిన నాకు కూడా ఆ మాట తట్టలేదు. అడిగితేనే తెలిసింది.

2023లో నోటరీ దగ్గర కాగితం రాయించాము. సాక్షులు మన సంఘ సభ్యులే ఇద్దరు. మున్సిపల్ ఆఫీసులో ఒక ప్రతి ఇవ్వబోతే, ఇది ఏ రిజిస్టరులో ఎక్కించాలో వారికి తెలియలేదు. మావారు ఊరుకుంటారా? టపాలు సెక్షన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని మరీ వచ్చారు!

2024 డిసెంబరులో ఆసుపత్రిలో చేరారు. స్కానింగు చూసి డాక్టరుగారు, ఇది బాగయ్యే నెమ్ము కాదు, ఫైబ్రోసిసే ముదిరింది అన్నారు. మావారు స్పృహలోనే ఉన్నారు కనుక కాగితం చూపి ఆయననే అడిగారు. ఆయన తల ఊపారు. డి.ఎన్.ఏ.ఆర్. ఫారం పూర్తిచేసి కేసు షీటులో పెట్టారు. ఎక్కువ ధారగా ఆక్సిజను పెట్టారు, కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇచ్చారు. అబ్బాయి బెంగుళూరు నుంచి మరునాటికి వచ్చాడు, నాలుగు రోజులు తండ్రి కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. ఐదో రోజు ఉదయం గుండె ఆగింది. ముప్పై మూడేళ్ళ అలవాటు కదా, నా రెండు చేతులూ వాటంతటవే లేచాయి. అబ్బాయి లేచి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, నాన్న చెప్పారు కదా" అన్నాడు. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ మమ్మల్ని బయటికి పంపలేదు. తులసి తీర్థం పోసే సమయం మాకు దొరికింది.

దుఃఖం లేదని నేను అనను. ఇప్పటికీ ఉంది. కానీ అలా చేసి ఉండవలసింది కాదేమో అన్న అనుమానం మా ఇంట్లో ఎవరికీ లేదు. నా కొడుకు నిద్రపోతున్నాడు. మావారు ఇచ్చిన ఆస్తుల్లో అది ఒకటి.

ఇక చట్టం మాట. చాలామంది దీన్ని కారుణ్య మరణంతో కలిపేస్తారు. 2004 డిసెంబరులో హైదరాబాదు ఆసుపత్రిలో వెంటిలేటరు మీద ఉన్న ఒక యువ చదరంగ క్రీడాకారుడు, తన అవయవాలు దానం చేసేందుకు వీలుగా తనను వెళ్ళనివ్వమని కోరడం, హైకోర్టు ఒప్పుకోకపోవడం మీలో కొందరికి గుర్తుండవచ్చు. అది వేరు. సూది వేసి ప్రాణం తీయడం మన దేశంలో అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. నయం కాని దశలో, ఉపయోగం లేని యంత్రాన్ని పెట్టకుండా ఉండడం, సహజంగా వచ్చే మరణాన్ని రానివ్వడం వేరు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పి, ముందస్తు వైద్య ఆదేశ పత్రానికి చట్టబద్ధత ఇచ్చింది. దీన్నే లివింగ్ విల్ అంటారు. మొదట దానిపై మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఆ పద్ధతి ఆచరణలో కష్టమైంది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే దాన్ని సులభం చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగాని, గజిటెడ్ అధికారి చేతగాని ధృవీకరింపజేస్తే చాలు. గజిటెడ్ సంతకం కోసం తిరగడం మనకు కొత్త కాదు గదా!

అందులో మన తరఫున మాట్లాడవలసినవారి పేర్లు, ఒకరికంటే ఎక్కువమందివి రాయవచ్చు. మనం స్పృహలో ఉండి మాట్లాడగలిగినంతకాలం మన నోటి మాటే చెల్లుతుంది. మాట పోయిన తరువాతనే కాగితం పనిలోకి వస్తుంది. అప్పుడు కూడా ఒక్క డాక్టరు, ఒక్క బంధువు చేతిలో నిర్ణయం ఉండదు. చికిత్స చేసే డాక్టరు, మరో ఇద్దరు నిపుణులతో ఆసుపత్రిలో ఒక బోర్డు చూడాలి. జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరుతో కూడిన రెండవ బోర్డు దాన్ని పరిశీలించాలి. ఒక్కొక్క బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. కనుక ఆస్తి కోసం ఎవరైనా దుర్వినియోగం చేస్తారేమో అన్న భయం అక్కరలేదు. మనసు మారితే మనమే రద్దు చేసుకోవచ్చు.

మార్ఫిన్ గురించి ఒక ముక్క. అది చంపే మందని చాలామంది భయపడతారు. తెలిసిన డాక్టరు తగిన మోతాదులో ఇస్తే అది ఆయాసపు బాధను తగ్గించే మందు. 2014లో చట్టాన్ని సవరించి, వైద్య అవసరాలకు అది దొరకడాన్ని సులభం చేశారు. ముఖానికి ఎదురుగా చిన్న ఫ్యాను పెట్టినా ఆయాసం కొంత తగ్గినట్లు రోగికి తోస్తుంది. ఇలా బాధను తగ్గించే వైద్యాన్ని ఉపశమన చికిత్స అంటారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఏళ్ళుగా పనిచేస్తున్నది. అయితే ఉపశమన చికిత్స క్యాన్సరుకే కాదు, ఊపిరితిత్తుల రోగులకు కూడా అవసరమే. మీ డాక్టరును పేరు పెట్టి అడగండి.

చివరి రోజులు ఇంట్లోనే గడవాలని కోరుకునేవారున్నారు. మంచి కోరికే. కానీ అర్ధరాత్రి సంతకం పెట్టి, అంబులెన్సులో గాలి తిత్తి నొక్కుకుంటూ తీసుకుపోవడం వేరు, డాక్టరుతో మాట్లాడి ఏర్పాటుతో తీసుకుపోవడం వేరు. ఆక్సిజన్ మిషను, కరెంటు పోతే వాడడానికి సిలిండరు, ఆయాసానికి మందు, రాత్రివేళ ఫోను చేయడానికి ఒక నంబరు, ఇవి నాలుగూ ఉంటేనే బయలుదేరండి.

ఈ మాట ఎప్పుడు మాట్లాడాలి? ఆయాసంతో ఏడాదిలో రెండుమూడుసార్లు ఆసుపత్రిలో చేరినా, ఇంట్లో ఆక్సిజను అవసరమైనా, బట్టలు మార్చుకున్నా ఆయాసం వస్తున్నా, ఒకసారి బైపాప్ దాకా వెళ్ళి వచ్చినా, అదే సమయం. ఆసుపత్రిలో కాదు, తేరుకుని ఇంటికి వచ్చిన పది పదిహేను రోజులకు మాట్లాడండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు చీటీ మీద రాసుకుని వెళ్ళండి.

ఒకటి: నా జబ్బు ఏ దశలో ఉంది, రాబోయే ఏడాది ఎలా ఉండవచ్చు?

రెండు: ఈసారి ఎక్కువైతే వెంటిలేటరు వల్ల నేను తిరిగి ఇంటికి వచ్చే అవకాశం ఎంత?

మూడు: నా గుండె ఆగితే సి.పి.ఆర్. వల్ల నాకు మేలు ఉంటుందా?

నాలుగు: అది వద్దనుకుంటే ఆయాసం తెలియకుండా మీరు ఏం చేయగలరు?

జవాబులు విన్నాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. దూరాన ఉన్న పిల్లలను ఫోనులో కలపండి. ఎందుకంటే చివరిరోజున విమానం దిగి వచ్చినవారికి సంగతి తెలియకపోతే, అప్పటిదాకా చేసినవారి మీద నింద పడుతుంది. "అన్నీ చేయండి" అనాలనిపిస్తే అదీ చెప్పండి. అది కూడా నిర్ణయమే, దానికీ అంతే గౌరవం ఉంది. కాగితం రాస్తే ఒక ప్రతిని పెన్షన్ పాస్‌బుక్, ఆసుపత్రి రిపోర్టులు ఉండే సంచీలోనే పెట్టండి. బీరువా లాకరులో పెడితే అర్ధరాత్రి ఎవరికీ దొరకదు. ఒక ప్రతి మీ డాక్టరుకు, ఒకటి మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఆఫీసుకు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇక్కడ కూర్చున్న కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు, అల్లుళ్ళకు ఒక్క మాట. పెద్దవాళ్ళు ఈ ప్రస్తావన తెస్తే "అలా మాట్లాడకండి నాన్నా" అని నోరు మూయించకండి. మీకు భారం తగ్గించాలనే వారు నోరు విప్పుతారు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని వినండి. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు అడిగినప్పుడు, "నాకేం కావాలి" అని కాక "మా నాన్న ఏమన్నారు" అని గుర్తు చేసుకుంటే చాలు.

వచ్చే నెల మొదటి ఆదివారం మన సంఘ కార్యాలయంలో పదకొండు గంటలకు నేను ఉంటాను. కాగితం నమూనా తెలుగులో తెస్తాను. మన సభ్యులలో నోటరీగా ఉన్న ఒకరు కూడా వస్తానన్నారు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రండి. సందేహాలుంటే అక్కడ అడగండి, తొందరేమీ లేదు, సంతకం ఆ రోజే పెట్టనక్కరలేదు.